మాట అందించొద్దు నాన్నా

ఆదివారం పొద్దున వంటింట్లో కోడిగుడ్లు ఉడుకుతున్నాయి. స్నానాలగదిలో తండ్రి గోరువెచ్చటి ఉప్పునీళ్ళు పుక్కిలిస్తున్నాడు. సెలవురోజైనా ఆ పని మానడు. ఏ బస్సు ఏ ప్లాట్‌ఫాం మీదికి వస్తుందో బస్‌స్టేషన్‌లో మైకు ముందు కూర్చుని చెప్పడం ఆయన ఉద్యోగం. ఊళ్ళో ఆయన మొహం తెలియనివాళ్ళు చాలామందే ఉన్నారుగానీ గొంతు తెలియనివాళ్ళు లేరు. కూరగాయల కొట్లో బేరమాడినా సరే, పక్కనున్నవాళ్ళు తల తిప్పి "మీరు బస్‌స్టేషన్ ఆయన కదూ" అంటారు. అప్పుడాయన మొహం చూడాలి.

ఆయన ఒక్కగానొక్క కూతురికి నత్తి. ఆ మాట ఇంట్లో ఎవరూ పైకి అనరు. ఆయన అననివ్వడు. పిల్ల నోరు తెరిచి మొదటి అక్షరం దగ్గర ఆగిందంటే చాలు, టక్కున మాట అందిస్తాడు. నడక నేర్చుకునే పసిపిల్లకి వేలు అందించినట్టు, ఎంతో ప్రేమగా. పిల్లకి ఇరవై రెండేళ్ళు వచ్చాయి. ఆయన అలవాటు మాత్రం పోలేదు.

"ఇంతకీ ఇవాళ మనం పోయే ఆ లోయలో ఏముందే?" అంది నాయనమ్మ, మనవరాలు కొనిచ్చిన కొత్త బూట్లలోకి పాదాలు దూరుస్తూ.

"గో... గో..." అంది మనవరాలు, ఆమె ముందు కూర్చుని తాళ్ళు కడుతూ.

"గోతులమ్మా," అన్నాడు తండ్రి స్నానాలగదిలోంచి. "పెద్ద పెద్ద గోతులు."

ఆమె చెప్పబోయింది గోడలు. ఎర్రటి రాతి గోడలు. కానీ నాయనమ్మ అప్పటికే "గోతులు చూడ్డానికి అంత దూరం ఎందుకే, మన వీధిలో లేవా" అనేసింది. తండ్రి పకపకా నవ్వేశాడు. ఆమె ముడి గట్టిగా బిగించి లేచింది.

తల్లి మాత్రం నవ్వలేదు. ఆమె కళ్ళజోళ్ళ దుకాణంలో అద్దాలు బిగిస్తుంది. ఎదుటివాళ్ళ మొహాలు దగ్గర్నుంచి చూడటం ఆమెకి అలవాటు. వారం రోజులుగా కూతురి మొహంలో ఏదో పట్టుదల కనిపిస్తోంది. అడిగితే "ఆదివారం చెప్తా" అంటోంది. ఈ నడక ఏర్పాటు చేసింది కూడా ఆ పిల్లే. ఎక్కడికి వెళ్ళినా తండ్రి వెనకే నడిచే పిల్ల, ఈసారి మాత్రం "అందరం వెళ్దాం, నేను చూపిస్తా" అంది.

గుడ్లు, రొట్టెలు, నారింజపళ్ళు సంచిలో సర్దుకుని నలుగురూ కారెక్కారు. ఊరు దాటాక చెట్లు పలచబడ్డాయి. ఇంకాస్త దూరం పోయాక చెట్టన్నదే లేకుండా పోయింది. ఇసుక, ముళ్ళపొదలు, ఎండ. ఆ ఎడారికి అవతల వరసగా ఎర్ర కొండలు నిలబడి ఉన్నాయి. వాటి మధ్య, పండిన దానిమ్మ పగిలినట్టు, సన్నటి చీలిక.

"ఆ సందులోకా మనం పోయేది?" అంది నాయనమ్మ.

"చిన్నపిల్లలు కూడా నడవగలరట అమ్మా. ఎక్కడం దిగడం ఏమీ లేదు," అన్నాడు తండ్రి. దారి పక్కనున్న బోర్డు మీద ఉన్నదే చదివాడు.

గేటు దగ్గర వెడల్పాటి టోపీ పెట్టుకున్న నడివయసు సూపర్‌వైజరు ఉంది. కూతుర్ని చూడగానే ఆమె మొహం విప్పారింది. "మీవాళ్ళా?" అని అడిగింది. పిల్ల తలూపింది. "అయితే వీళ్ళకి చెప్పా..." అనబోతుంటే పిల్ల అరచెయ్యి ఎత్తి ఆపింది. సూపర్‌వైజరు అర్థమైనట్టు నవ్వి, "నీళ్ళు సరిపడా తెచ్చావా?" అంది.

"తెచ్చామండీ, మనిషికో సీసా," అన్నాడు తండ్రి.

ప్రశ్న ఆయన్ని అడిగింది కాదు. సూపర్‌వైజరు ఆయన వంక ఒక్క క్షణం చూసి టికెట్లు చించి ఇచ్చింది.

లోపల అడుగు పెట్టగానే ఎండ వెనకే ఆగిపోయింది. రెండు పక్కలా గోడలు మేడల్లా లేచాయి. కాళ్ళ కింద మెత్తటి ఇసుక. పైన ఆకాశం చీర అంచంత వెడల్పున కనిపిస్తోంది. రాయి అంతా అలలు అలలుగా, ఒక పొర ఎరుపు, ఒక పొర నారింజ, మధ్యలో ఎక్కడో పాలగీత. నాయనమ్మ చేతికర్ర చంకలో పెట్టుకుని రెండు చేతులతో గోడని తడిమింది.

"చల్లగా ఉందే," అంది ఆశ్చర్యపోతూ. "ఇదెట్లా అయిందే ఇట్లా?"

మనవరాలి కళ్ళు మెరిశాయి. "ఇదంతా ఒకప్పుడు ఇసుక దిబ్బలు నాయనమ్మా. గా... గా..."

"గాలికి ఎగిరొచ్చి పడిందమ్మా," అన్నాడు తండ్రి.

"ఆ ఇసుక కొన్నాళ్ళకి గ... గ..."

"గట్టిపడింది."

"ఈ ఎరుపు మా... మాత్రం ఇ..."

"ఇటుకల మట్టి లాంటిదమ్మా. ఆ జాతి నేల."

కూతురు ఆగిపోయింది. వెనక వస్తున్న ఇంకో కుటుంబం, ఒక జంటా వాళ్ళ చిన్న కూతురూ, వీళ్ళని దాటలేక కాస్త దూరంలో నిలబడ్డారు.

"ఇటుకల మట్టి కాదు. ఇ... ఇనుము," అంది ఆమె. "ఇసుకలో ఉన్న ఇనుముకి తు... తుప్పు పట్టి ఈ రంగొచ్చింది. నాన్నా, నువ్వు ఇక్కడికి ఎప్పుడైనా వచ్చావా?"

"లేదు. ఎందుకు?"

"నేను చా... చాలాసార్లు వచ్చాను."

తండ్రి తల్లి వంక చూశాడు. తల్లి కూతురి వంక చూసింది.

"ఎప్పుడొచ్చావు పిచ్చుకా?" ఆయన కూతుర్ని పిలిచే ముద్దుపేరు అది. పుట్టగానే పిల్ల ఆపకుండా కిచకిచలాడిందని పెట్టాడు.

"శనివారాలు. ఆఫీసులో పని ఉందని చె... చెప్పి." ఆమె ఊపిరి పీల్చుకుంది. "టైల్స్ కంపెనీలో ఉద్యోగం మానేశాను. రే... రేపటి నుంచి నేను ఇక్కడ గైడ్‌ని."

తండ్రి ముందు నవ్వాడు. నవ్వు సగంలో ఉండగా ఎవరూ కలవలేదని తెలిసి ఆపేశాడు. ఆ టైల్స్ కంపెనీ ఉద్యోగం ఆయనే తిరిగి తిరిగి సంపాదించాడు. వెనకగది, కంప్యూటరు, లెక్కలు. ఎవరితోనూ మాట్లాడే పని లేదు. అదే దాని గొప్పతనమని ఆయన నమ్మకం.

"గైడంటే రోజంతా మాట్లాడాలమ్మా. తెలుసా నీకు?"

"తెలుసు. అం... అందుకే చేరాను."

"ఎవరిచ్చారు? నీ సంగతి వాళ్ళకి తెలుసా?"

"నా సంగతి అంటే?"

"అదే..."

"ఏది?"

తండ్రి వెనకున్న కుటుంబం వంక ఇబ్బందిగా చూసి గొంతు తగ్గించాడు. "ఇంటికెళ్ళి మాట్లాడుకుందాం."

"నత్తి," అంది ఆమె. గొంతు తగ్గించలేదు. "అను నాన్నా. ఇన్నేళ్ళలో నువ్వు ఒ... ఒక్కసారి కూడా అనలేదు. నాకు నత్తి."

ఆ ఎత్తయిన గోడల మధ్య ఆ మాట ఇంకోసారి వినిపించింది. తండ్రి చెంపదెబ్బ తిన్నట్టు నిలబడ్డాడు.

"వాళ్ళకి తెలుసు. ఎండకి త... తట్టుకుంటావా, రోజూ నడవగలవా అని అడిగారు. కొంతమందిని ఇచ్చి తీసుకెళ్ళి చూపించమన్నారు. తీసుకెళ్ళాను. ఒకాయన మధ్యలో వి... విసుక్కుని వెళ్ళిపోయాడు. మిగతావాళ్ళు చివరిదాకా ఉన్నారు."

"చూశావా, ఒకాయన వెళ్ళిపోయాడు," అన్నాడు తండ్రి వెంటనే. "రేపు ఇద్దరు పోతారు. ఎల్లుండి ఎవడో నీ ముందే నవ్వుతాడు. అది భరించగలవా? స్కూల్లో స్టేజీ మీద ఏమైందో మర్చిపోయావా? పిల్లలంతా నవ్వుతుంటే నువ్వు బిక్కమొహం వేసుకుని నిలబడితే, నేనొచ్చి మైకు తీసుకుని నీ పద్యం పూర్తిచేశాను. హాలంతా చప్పట్లు కొట్టారు. నేను రాకపోతే ఏమయ్యేదానివి?"

"ఇంకో రెండు లై... లైన్లే ఉన్నాయి. నేనే పూర్తిచేసేదాన్ని."

"ఏడుస్తున్నావమ్మా నువ్వు."

"ఏడుస్తూ పూర్తిచేసేదాన్ని. ఆ చప్పట్లు నీకు కొట్టారు నాన్నా. నా... నాకు కాదు."

నాయనమ్మ ఒక రాతిమీద కూర్చుంది. ఇది ఇప్పట్లో తెగే వ్యవహారం కాదని ఆమెకి అర్థమైంది. తల్లి సంచి కింద పెట్టింది.

"నీ మంచికే కదా," అన్నాడు తండ్రి. "నువ్వు ఒక మాట కోసం గింజుకుంటుంటే నా ప్రాణం పోతుంది. కన్నవాణ్ణి. చూస్తూ ఎట్లా ఊరుకుంటాను?"

"నువ్వు అందించేది నా మాట కాదు నాన్నా, నీ మాట. కాలేజీలో చే... చేరిన రోజు గుర్తుందా? ప్రిన్సిపాల్ అడిగారు, కామర్స్‌లోకి వస్తావా అమ్మా అని."

"ఉంది. వస్తానన్నావు."

"నేను అనలేదు. నేను వ... వ... అన్నాను. నువ్వు వస్తానంటోంది సార్ అన్నావు." ఆమె కళ్ళు నిండాయి కానీ గొంతు తగ్గలేదు. "నేను చెప్పబోయింది వద్దు అని."

ఎక్కడో పైన ఒక చిన్న రాయి ఊడి, గోడకి తగులుతూ కిందికి జారింది.

"వద్దు అని చెప్పబోయాను. నేల గురించి, రా... రాళ్ళ గురించి చదువుకుంటానని చెప్పబోయాను. నువ్వు సంతకం పెట్టేశావు. మూడేళ్ళు చదివాను. రెండేళ్ళు ఆ వెనకగదిలో కూర్చున్నాను. నా నోట్లో స... సగంలో ఆగిపోయిన ఒక్క మాటకి నాన్నా, ఐదేళ్ళు."

"మరి తర్వాతైనా చెప్పొచ్చు కదా."

"నువ్వు నన్ను ఎప్పుడు పూ... పూర్తిగా చెప్పనిచ్చావు?"

సమాధానం లేనివాళ్ళకి కోపం తొందరగా వస్తుంది. ఆయనకీ వచ్చింది. "సరే. నేనే చెడ్డవాణ్ణి. పదండి ఇంటికి. ఈ గైడూ లేదు గీడూ లేదు. రేపు ఆ కంపెనీకి వెళ్ళి నేనే మాట్లాడతాను."

"మాట్లాడకు," అంది కూతురు. "వె... వెళ్ళినా నేను తిరిగి చేరను. జనం నవ్వితే నవ్వనీ. నవ్వడం అ... అయిపోయాక మిగతాది చెప్తాను."

తండ్రి భార్య వైపు తిరిగాడు. "ఏమోయ్, సంచి తీసుకో."

తల్లి సంచి తీసుకుంది. కానీ గేటు వైపు కాకుండా కూతురి పక్కకి వెళ్ళి నిలబడింది.

"నేను రానండీ. ఇన్నేళ్ళూ మీరు అందిస్తుంటే నేనూ ఊరుకున్నాను. నాకూ అదే తేలిగ్గా ఉండేది. ఇవాళ దీని నోటితోనే వింటాను. చివరిదాకా."

"అమ్మా, నువ్వన్నా లే."

"ఒరేయ్, ఇంత ఖరీదు బూట్లేసుకుని సగంలో తిరిగిపోతానా నేను?" అంది నాయనమ్మ, మనవరాలి చెయ్యి పట్టుకుని లేస్తూ. "నీకు తొందరైతే కారులో కూర్చో. ఏసీ వేసుకో. ఇది చెప్పడం అయ్యాక వస్తాం."

ముగ్గురూ ముందుకు నడిచారు. వెనకున్న కుటుంబం తండ్రిని తప్పించుకుంటూ, మొహం చూడకుండా దాటిపోయింది. మలుపు తిరిగాక ఇసుకమీద అడుగుజాడలు తప్ప ఏమీ మిగల్లేదు.

ఆయన గేటు వైపు విసురుగా నడిచాడు. ఎండ మొదలయ్యే చోటుదాకా వెళ్ళి నిలబడిపోయాడు. బయట కారు నిప్పుల్లో కాలుతున్నట్టుంది. వెళ్ళబుద్ధి కాలేదు. వెనక్కి పోవడానికి మొహం చెల్లలేదు. గోడకి ఆనుకుని నిలబడితే లోపలి మాటలు స్పష్టంగా వినిపించాయి. ఆ చోటు అలాంటిది. అక్కడ గుసగుస కూడా దాగదు.

ముందు కూతురి గొంతే వినపడింది. నీళ్ళు ఈ రాయిని ఎలా కోశాయో చెబుతోంది. ఒక మాట దగ్గర ఆగింది. అలవాటుగా ఆయన పెదవులు కదిలాయి. అందించడానికి ఆమె పక్కన లేడు. నిశ్శబ్దం. ఆ నిశ్శబ్దం ఎంత సేపుంటుందో ఆయనకి ఎప్పుడూ తెలియదు. ఎప్పుడూ దాన్ని ఉండనివ్వలేదు. ఇప్పుడు గోడ పట్టుకుని విన్నాడు. కాసేపటికి మాట వచ్చింది. దాని వెనకే ఇంకో నాలుగు మాటలు గబగబా వచ్చాయి.

తర్వాత ఒక పసిగొంతు. ఆ రెండో కుటుంబంలోని చిన్నపిల్ల. "అక్కా, నువ్వెందుకలా ఆగి ఆగి మాట్లాడతావు?"

వాళ్ళమ్మ "ష్, తప్పు" అంది. తండ్రి పరిగెత్తబోయాడు. అంతలో కూతురి గొంతు, ఏ బెదురూ లేకుండా వినిపించింది.

"నా మాట కొంచెం ఆ... ఆలస్యంగా వస్తుంది. కానీ వస్తుంది. నీకు తొందరుందా?"

చిన్నపిల్ల ఆలోచించి, "లేదు," అంది. "మాకు సాయంత్రం దాకా ఏం పని లేదు."

అందరూ నవ్వారు. అందులో అందరికంటే గట్టిగా వినిపించిన నవ్వు ఆయన కూతురిది. ఇంట్లో ఆమె అంత గట్టిగా నవ్వగా ఆయన ఎప్పుడు విన్నాడో గుర్తు చేసుకోబోయాడు. గుర్తు రాలేదు. ఇన్నాళ్ళూ తను కాపాడింది కూతుర్ని కాదనీ, ఆ కాస్త నిశ్శబ్దాన్ని ఓర్చుకోలేని తన ప్రాణాన్నేననీ ఆ గోడ పక్కన నిలబడి ఉండగా ఆయనకి అర్థమైంది. రాతికి నుదురు ఆనించాడు. జేబురుమాలుతో మొహం తుడుచుకుని వెనక్కి నడిచాడు.

వాళ్ళు లోయలోకెల్లా ఇరుకైన చోట ఉన్నారు. ఇద్దరు పక్కపక్కన నిలబడలేరు. చిన్నపిల్ల కుటుంబం కాక ఇంకా కొంతమంది చేరారు. కూతురు అందరికీ ముందు, వెనక్కి తిరిగి నిలబడి చెబుతోంది. తండ్రి వచ్చి అందరికంటే వెనక నిలబడ్డాడు. ఆమె చూసింది. చెప్పడం ఆపలేదు.

"ఇక్కడ చి... చినుకు పడకపోవచ్చు. పైన ఎండ కాస్తుండొచ్చు. కానీ ఎక్కడో దూరంగా కొండల్లో వాన పడితే, ఈ దారిలోకి ఒక్కసారిగా ప్ర... ప్ర... ప్ర..."

మాట ఇరుక్కుపోయింది. ఆమె మెడ నరాలు బిగిశాయి. కళ్ళు మూతలు పడ్డాయి. తల్లీ నాయనమ్మా, ఏళ్ళ తరబడి అలవాటుకొద్దీ, ఒకేసారి తిరిగి తండ్రి వంక చూశారు. ఆయనకి ఆ మాట తెలుసు. ఈసారి అది సరైన మాటేనని కూడా తెలుసు. అది నాలుక చివర నిలబడి ఉంది. ఆయన పళ్ళు బిగించి, పిడికిలి నోటికి అడ్డం పెట్టుకున్నాడు. కళ్ళలోంచి నీళ్ళు కారిపోతున్నాయి. తుడుచుకోలేదు. కాలక్షేపానికి వచ్చిన ఆ మనుషులు మాత్రం ఏ కంగారూ లేకుండా నిలబడి ఉన్నారు. ఒకాయన నారింజ తొన ఒలుచుకుంటున్నాడు.

"ప్రవాహం వస్తుంది," అంది ఆమె. "మనం నిలబడ్డ ఈ చోటు, తలలు మునిగేంత. అందుకే వాన కాలంలో ఇ... ఇక్కడికి ఎవర్నీ రానివ్వరు."

అందరూ తలెత్తి గోడలమీద నీళ్ళు వదిలిన మరకలు చూశారు. చిన్నపిల్ల వాళ్ళ నాన్న చెయ్యి పట్టుకుంది. ఆమె మళ్ళీ ముందుకు తిరిగి నడిచింది. అందరూ ఆమె వెనక నడిచారు. తండ్రి కూడా.

దారి చివర లోయ విప్పుకుని ఒక పెద్ద గిన్నెలా ఉంది. అక్కడ నీడలో కూర్చుని గుడ్లు, రొట్టెలు తిన్నారు. తండ్రి నారింజపండు ఒలిచి సగం కూతురికిచ్చాడు. ఆమె తీసుకుంది. ఆయన ఏదో అనబోయి ఆగాడు. మైకు ముందు కూర్చుంటే తడుముకోని మనిషికి మాట దొరకలేదు. కూతురు ఊరికే కూర్చుని ఎదురుచూసింది.

"తప్పయిపోయింది పిచ్చుకా," అన్నాడు చివరికి.

"అయింది," అంది ఆమె. కాదు, పర్లేదు అనలేదు. కానీ జరిగి ఆయన భుజానికి తల ఆనించింది.

తిరిగి వచ్చేసరికి పార్కింగు కిక్కిరిసి ఉంది. కారు బయటికి తీయాలంటే ఒకే దారి. తండ్రి ఇంజను స్టార్ట్ చేసి, వెనక సీట్లో ఉన్న కూతురి వంక అద్దంలో చూశాడు.

"రేపు మొదటిరోజు కదా. సెలవు పెట్టి నేనూ రానా? టికెట్టు కొనుక్కుని, వెనకెక్కడో నిలబడి వింటాను."

"రా..." అంది కూతురు. "రా... రా..."

ఆయన మొహం వికసించింది. సరే అయితే అనబోయాడు. నోటిదాకా వచ్చింది. అంతలో ఆగి, చేతులు స్టీరింగు మీద పెట్టుకుని కూర్చున్నాడు. వెనకకారు వాడు హారన్ కొట్టాడు. ఆయన కదల్లేదు. వాడు మళ్ళీ, ఈసారి ఆపకుండా కొట్టాడు. తండ్రి కిటికీ అద్దం దించి తల బయటపెట్టి, ఊరంతటికీ తెలిసిన ఆ గొంతుతో అన్నాడు.

"మా అమ్మాయి మాట్లాడుతోందండీ. అయ్యాక పోనిస్తాను."

హారన్ ఆగిపోయింది. ఆయన అద్దం ఎత్తలేదు. అద్దంలో కూతురి కళ్ళలోకి చూస్తూ ఉన్నాడు.

"రావద్దు నాన్నా," అంది ఆమె. "కొ... కొన్నాళ్ళాగు. నేనే పిలుస్తాను."

నాయనమ్మ కొడుకు మొహం వంక చూసింది.

"సరేనమ్మా," అన్నాడు తండ్రి, కళ్ళు తుడుచుకుని, గేరు వేస్తూ. "పిలిచినప్పుడే వస్తాను."